వైన్ రుచికి బర్గండీ నేర్పిన మాటలు

తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీ ఒకప్పుడు ద్రాక్ష సరిగ్గా పండే నేలలకు దాదాపు ఉత్తరపు సరిహద్దు. 47వ ఉత్తర అక్షాంశం దగ్గర, దిజోన్ నగరం నుంచి దక్షిణంగా సాంతెనే ఊరిదాకా సుమారు 50 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని కొండవాలు సాగుతుంది. దాని పేరు కోట్ డోర్. వాలు తూర్పుకు తిరిగి ఉంటుంది కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా తగులుతుంది, వాననీరు నిలవకుండా జారిపోతుంది. ఈ వాలు మీద ఎర్ర వైన్‌కు పినో నువార్, తెల్ల వైన్‌కు షార్డొనే అనే రెండు ద్రాక్ష రకాలే రాజ్యమేలుతున్నాయి. చలి ప్రాంతపు వైన్‌ను రుచి చూసి, దాన్ని మాటల్లో పెట్టే విద్యకు పునాదులు ఎక్కువగా ఇక్కడే పడ్డాయి.

ఎండ బాగా కాసే చోట ద్రాక్షలో చక్కెర త్వరగా పెరుగుతుంది, పులుపు అంతే త్వరగా పడిపోతుంది. చలి నేలలో కాయ నెమ్మదిగా పండుతుంది. కోతకు వచ్చేసరికి తీపి చేరుతుంది, పులుపు మిగిలి ఉంటుంది, సున్నితమైన వాసనలూ నిలుస్తాయి. అయితే ఈ లాభం వెనుకే నష్టమూ పొంచి ఉంటుంది. పినో నువార్ గుత్తి పిడికిట్లో ఇమిడిపోయేంత చిన్నది. హైదరాబాద్ తోటల్లో పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ గుత్తి పక్కన పెడితే అది ద్రాక్షేనా అనిపిస్తుంది. పండ్లు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి, తొక్క పలుచన. కోతకు ముందు వాన పడితే గుత్తి లోపలినుంచి కుళ్లిపోతుంది. షార్డొనే ముందుగా చిగురిస్తుంది కాబట్టి ఏప్రిల్ మంచు దాన్ని మాడ్చేస్తుంది. 1999లో జన్యు పరీక్షలు ఈ రెండింటి చుట్టరికాన్ని బయటపెట్టాయి. షార్డొనే తల్లిదండ్రుల్లో ఒకటి పినో, రెండోది గువే బ్లాన్ అనే నాసిరకపు రైతు ద్రాక్ష. ప్రపంచంలో అతి ఖరీదైన తెల్ల వైన్లలో కొన్నింటికి పుట్టిల్లు ఇంత సామాన్యమైనది.

పండు ఇంత సున్నితమైతే పొలానికీ పొలానికీ ఉన్న చిన్న తేడా కూడా గిన్నెలో కనిపిస్తుంది. ఆ తేడాను ఓపికగా పట్టుకున్నవారు మఠవాసులు. దిజోన్‌కు దక్షిణంగా 1098లో సీతో మఠం ఏర్పడింది. అక్కడి సిస్టర్షియన్ శాఖ సన్యాసులు 12వ శతాబ్దం నుంచి దానంగానూ కొనుగోలుగానూ వచ్చిన పొలాలను కూడగట్టి, చుట్టూ గోడ కట్టి క్లో ద వూజో తోటను తీర్చిదిద్దారు. దాని విస్తీర్ణం సుమారు 50 హెక్టార్లు. సన్యాసులు మట్టిని నోట్లో వేసుకుని రుచి చూసి పొలాల హద్దులు నిర్ణయించారని ఒక కథ చాలాకాలంగా తిరుగుతోంది. దానికి ఆధారం లేదు. అంత కథ అవసరమూ లేదు. ఒకే సంస్థ చేతిలో తరాల తరబడి పొలం ఉండటం, ఏ వాలు పంట ఏ ఏడు ఎలా వచ్చిందో గుర్తుండటం, సొంత నేలమాళిగలో పీపాలను పక్కపక్కన పెట్టి పోల్చే వీలుండటం చాలు. రుచి జ్ఞానానికి మొదట కావలసింది పోలిక. మఠానికి అది సమృద్ధిగా దొరికింది.

అప్పటి మాటలు మాత్రం పండ్లవీ పూలవీ కావు, నీతికి సంబంధించినవి. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ది బోల్డ్ ఒక శాసనం జారీ చేసి గమే అనే ద్రాక్షను పెకలించమన్నాడు. గమే ముందుగా పండుతుంది, విరగకాస్తుంది, పేదరైతుకు అన్నం పెడుతుంది. శాసనం మాత్రం దాన్ని చెడ్డదనీ నమ్మదగనిదనీ నిందించింది, మనిషి ఆరోగ్యానికి హానికరమని కూడా చెప్పింది. పినోకు మేలు చేసే ఆజ్ఞే అయినా, దాని భాష న్యాయస్థానంలో నిందితుడి మీద వాడే భాష. తర్వాతి శతాబ్దాల్లోనూ రైతులు గమేను నాటుతూనే వచ్చారు. కడుపు నింపే పంటను శాసనంతో వదిలించడం ఏ ప్రభువుకూ తేలిక కాలేదు. అయినా ఆ శాసనం ఒక అలవాటును స్థిరపరిచింది. వైన్‌కు గుణం ఉంటుంది, వంశం ఉంటుంది, ఒకటి నిజాయితీగలదైతే మరొకటి మోసకారి కావచ్చు. ఫ్రెంచ్ రుచిగాళ్లు నిజాయితీ, నమ్మకం అనే మాటలను వైన్‌కు వాడటం ఈనాటికీ మానలేదు.

17వ శతాబ్దం చివర్లో వైద్యులు రంగంలోకి వచ్చారు. 14వ లూయీ రాజవైద్యుడు ఫాగోన్ షాంపేన్ ప్రాంతపు వైన్‌ను మాన్పించి పాత బర్గండీ వైన్‌ను నీళ్లు కలిపి తాగమన్నాడు. ఏ వైన్ కడుపుకు తేలిక, ఏది ఒంటికి వేడి అనే చర్చ సాగిన కాలమది. 1728లో క్లోద్ ఆర్నూ అనే మతగురువు లండన్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, బర్గండీ ఊళ్లను, తోటలను ఒక్కొక్కటిగా ఇంగ్లీషు కొనుగోలుదారులకు పరిచయం చేశాడు. వోల్నే వైన్ లేతరంగుది, త్వరగా తాగవలసినది. మరికొన్ని ఊళ్ల వైన్లు గట్టివి, సముద్రయానం తట్టుకునేవి. ఇలాంటి వివరణలో వర్తకుడి అవసరం కనిపిస్తుంది. పీపా ఎంతకాలం నిలుస్తుందో, ఎంత దూరం ప్రయాణిస్తుందో అతనికి తెలియాలి.

ఆ వర్తకుడి చేతిలో ఉండే పనిముట్టు తాస్తవాన్. అది లోతు తక్కువ వెండి గిన్నె, అడుగున బుడిపెలు, అంచుల్లో నొక్కులు. నేలమాళిగలో కొవ్వొత్తి వెలుగు తప్ప మరొకటి ఉండదు. ఆ వెలుగు వెండి నొక్కుల మీద పడి వెనక్కు తిరిగితే వైన్ రంగు, తేటదనం కంటికి అందుతాయి. వాసన పట్టడానికి ఆ గిన్నె పనికిరాదు, అంత వెడల్పు నోట్లోంచి పరిమళం ఇట్టే పోతుంది. ఆనాటి పదజాలంలో రంగు, ఒళ్లు, బలం, వేడి, మెత్తదనం ముందుండి వాసన వెనకబడటానికి ఈ పనిముట్టు కూడా ఒక కారణమై ఉండాలి.

ఫ్రెంచ్ విప్లవంతో మఠాల ఆస్తులు జాతి ఆస్తులయ్యాయి. క్లో ద వూజో 1791లో వేలానికి వెళ్లింది, 1889 నుంచి ముక్కలు కావడం మొదలైంది. నేడు దానికి సుమారు 80 మంది యజమానులు. ఒకే గోడ లోపల, ఒకే పేరుతో, ఎనభై రకాల చేతివాటం. ఇలా నేల చీలిన చోట కొనేవాడికి దిక్కు చూపడానికి జాబితాలు పుట్టాయి. 1855లో డాక్టర్ జూల్ లవాల్ కోట్ డోర్ తోటల చరిత్ర రాసి వాటిని తరగతులుగా విభజించాడు. 1861లో బోన్ పట్టణ వ్యవసాయ సంఘం దాన్ని ఆధారం చేసుకుని పటం తయారుచేసింది. ఈలోగా ఊళ్లు తమ పేర్లకు గొప్ప తోటల పేర్లు తగిలించుకోసాగాయి. 1847లో జెవ్రే ఊరు జెవ్రే-షాంబెర్తాన్ అయింది, 1879లో పులిన్యీ ఊరు పులిన్యీ-మోంత్రషే అయింది. తోట పేరు చెబితే రుచి చెప్పినట్టే అన్న నమ్మకం అంతగా బలపడింది.

ఆ నమ్మకాన్ని అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. 1878లో ఫిలాక్సెరా పురుగు కోట్ డోర్ తోటల్లో కనబడింది, వేళ్లు తినేసి తోటలను ఎండబెట్టింది. అమెరికా ద్రాక్ష వేరు మీద పినో కొమ్మ అంటుకట్టడం తప్ప మార్గం లేకపోయింది. సరుకు కరువైన ఆ కాలంలో, తర్వాత కూడా, దక్షిణాది వైన్లూ అల్జీరియా వైన్లూ కలిపి బర్గండీ పేరుతో అమ్మిన వర్తకులు తక్కువేమీ కాదు. నల్లగా, బరువుగా ఉండే వైనే అసలు బర్గండీ అని తాగేవాళ్ల నాలుకలు అలవాటుపడ్డాయి. పినో స్వభావానికి జరిగిన అన్యాయాల్లో ఇది పెద్దది, ఎందుకంటే దాని అసలు అందం ఆ లేతరంగులోనే ఉంది. 1935లో ఫ్రాన్స్ ప్రభుత్వం పుట్టినచోటి పేరుకు చట్టరక్షణ కల్పించింది. 1936 నుంచి బర్గండీ ఊళ్లకూ తోటలకూ ఆ రక్షణ అమలైంది. అగ్రశ్రేణి తోటలు ఇప్పుడు 33. ధరలు కుప్పకూలిన ఆ దశాబ్దంలోనే, 1934లో, న్వీ-సాన్-జోర్జ్‌లో తాస్తవాన్ పేరుతో ఒక సోదర సంఘం ఏర్పడి, విందులతో పాటలతో బర్గండీ పేరును మళ్లీ ప్రపంచానికి చాటింది.

రుచి చెప్పే భాషలో అసలు మలుపు మాత్రం కాలిఫోర్నియాలో వచ్చింది. 1944లో డేవిస్‌లోని విశ్వవిద్యాలయానికి చెందిన ఎమరిన్, వింక్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ద్రాక్ష పెరిగే నెలల్లో వేడిని కూడి ప్రాంతాలను ఐదు తరగతులుగా విభజించారు. చల్లని ప్రాంతం అనే మాటకు అలా ఒక కొలత దొరికింది. బర్గండీ వంటి నేలలు అందులో మొదటి తరగతి కిందికి వస్తాయి. అదే విశ్వవిద్యాలయంలో 1984లో ఆన్ నోబుల్, సహచరులు వాసనల చక్రాన్ని ప్రచురించారు. మధ్యలో పండు, పువ్వు, మట్టి, చెక్క వంటి విశాల వర్గాలు, అంచుకు వెళ్లేకొద్దీ స్ట్రాబెర్రీ, గులాబీ, పుట్టగొడుగు వంటి ప్రత్యేక వాసనలు. కులీనం, సొగసు వంటి మాటలకు అందులో చోటు లేదు. ఒక మాట వాడితే ఆ వాసన గల వస్తువును ఎదురుగా పెట్టి చూపగలగాలి. శతాబ్దాల నీతిభాష తర్వాత ఇది నిజంగా విముక్తి. గొప్ప నేలమాళిగలు లేని ఇళ్లలో పుట్టినవాళ్లూ వైన్ గురించి ధైర్యంగా మాట్లాడే వీలు దీనితోనే కలిగింది.

ఆ మాటల వెనుక రసాయనం ఉంది. వాసన మింగేటప్పుడు గొంతు వెనుకనుంచి కూడా ముక్కుకు చేరుతుంది. అందుకే రుచి చూసేవాళ్లు గుక్కలోకి గాలి పీల్చి నోరంతా తిప్పుతారు. లేత పినోలో చెర్రీ, రాస్బెర్రీ వాసనలు. ఏళ్లు గడిచాక ఎండుటాకులు, తడిసిన అడవి మట్టి, పుట్టగొడుగులు. ఇథైల్ సిన్నమేట్, ఇథైల్ ఆంత్రనిలేట్ వంటి ఎస్టర్లు దాని పరిమళంలో పాలుపంచుకుంటాయని 1990ల్లో ఫ్రాన్స్‌లో గుర్తించారు. పినో తొక్కలో రంగు తక్కువ కాబట్టి గ్లాసు వెనుక వేలు పెడితే కనిపిస్తుంది. వగరు నాలుకను పట్టేయకుండా పలచగా పరుచుకుంటుంది. షార్డొనేకు సొంత వాసన తక్కువ, నిమ్మ, పచ్చ ఆపిల్ ఛాయలు మాత్రమే. మిగతాదంతా నేలమాళిగలో జరిగే పని. పదునైన మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు డయసిటైల్ పుట్టి వెన్న కమ్మదనం వస్తుంది. కొత్త ఓక్ పీపా వెనిల్లాను, కాల్చిన రొట్టె వాసనను ఇస్తుంది.

కంటి పెత్తనం ఎంతటిదో 2001లో తేలింది. మోరో, బ్రోషే, ద్యూబూర్దియూ అనే పరిశోధకులు బోర్డోలో 54 మంది విద్యార్థుల ముందు ఒక తెల్ల వైన్‌నూ, వాసనలేని ఎర్రరంగు కలిపిన అదే వైన్‌నూ ఉంచారు. రంగు వేసిన దానికి విద్యార్థులు ఎర్ర పండ్ల పేర్లే వాడారు. దీన్ని చూపి రుచి పరీక్ష అంతా బూటకమనడం తొందరపాటు. ముక్కు ఒంటరిగా పనిచేయదని, చూపు దానికి ముందే మాట అందిస్తుందని ఆ ప్రయోగం చెప్పింది. వృత్తిగా రుచి చూసేవాళ్లు నల్ల గ్లాసులు వాడటానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

కోట్ డోర్‌కు వాయవ్యంగా ఉన్న షాబ్లీలో మరో చిక్కుముడి ఉంది. అక్కడి షార్డొనే కింద చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలతో నిండిన కిమ్మెరిడ్జియన్ సున్నపు మట్టి. వైన్‌లో రాయి, సముద్రం, చెకుముకి వాసన ఉన్నాయని చాలామంది రాస్తారు. శిలలోని పదార్థం వేళ్లగుండా గ్లాసులోకి రుచిగా రాదని భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్లుగా వివరిస్తున్నాడు. తీగ పీల్చేది నీటిలో కరిగిన అయాన్లనే, వైన్‌లో అవి నాలుకకు అందనంత స్వల్పం. చెకుముకి వాసనకు బెంజైల్ మెర్కాప్టాన్ అనే గంధక సమ్మేళనంతో సంబంధం ఉంది. అలాగని రాయి అనే మాటను కొట్టిపారేయనక్కర్లేదు. తీవ్రమైన పులుపు, తక్కువ పండువాసన కలిసిన అనుభవానికి అది సరిపోయే పేరు. మట్టికి కారణం అంటగట్టినప్పుడే తప్పవుతుంది.

భాషతో పాటు ద్రాక్షలూ బర్గండీ హద్దులు దాటాయి. 1965లో డేవిడ్ లెట్ అనే యువకుడు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, విలామెట్ లోయలో పినో మొక్కలు నాటాడు. అతని ఐరీ తోటల 1975 పినో 1979లో పారిస్‌లో జరిగిన పోటీలో పేరున్న బర్గండీల మధ్య నిలబడింది. 1980లో వర్తకుడు రాబేర్ ద్రూఎన్ బోన్‌లో మళ్లీ పోటీ పెట్టాడు. ఒరెగాన్ వైన్ అతి స్వల్ప తేడాతో రెండో స్థానంలో వచ్చింది. ద్రూఎన్ కుటుంబం 1987లో ఆ లోయలోనే భూమి కొనింది. పరాయి నేలకు ఇంతకు మించిన ప్రశంస దొరకదు. న్యూజిలాండ్‌లోని సెంట్రల్ ఒటాగో, ఆస్ట్రేలియాలోని టాస్మేనియా, దక్షిణ ఇంగ్లండ్ సున్నపు కొండలు ఇప్పుడు ఈ రెండు ద్రాక్షలకే ఎక్కువ చోటిస్తున్నాయి.

బర్గండీ చలి మాత్రం తగ్గుతోంది. బోన్‌లో కోత మొదలైన తేదీల లెక్క 1354 నుంచి దొరుకుతుంది. 2019లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం 1987 వరకు కోత సగటున సెప్టెంబర్ 28న మొదలయ్యేది. 1988 నుంచి 2018 వరకు సగటున 13 రోజులు ముందుకు జరిగింది. 2003లో కోత ఆగస్టులోనే మొదలైంది. అలాంటి ఏళ్ల పినో గురించి రాసేటప్పుడు రాస్బెర్రీ స్థానంలో నల్ల చెర్రీ, ఉడికిన రేగు వంటి మాటలు వస్తున్నాయి. షార్డొనే గురించి నిమ్మ బదులు పీచ్, అనాస అంటున్నారు. ఒకప్పుడు ద్రాక్ష పండదని వదిలేసిన కోట్ డోర్ పైకొండల్లో, ఓత్-కోట్ అనే ఎత్తు ప్రాంతాల్లో, రైతులు మళ్లీ పినో, షార్డొనే నాటుతున్నారు.