మంచులో పాతబస్తీ

పాతబస్తీలో చలికాలమంటే తెల్లవారుజామున పొగలు కక్కే నహారీ, పాయా, వాటిలో ముంచుకునే చార్ కోనీ నాన్. హైదరాబాదు ఎరిగిన చలి గట్టిగా లెక్కేస్తే 6.1 డిగ్రీలు. 1946 జనవరి 8 నాటి ఆ రికార్డు ఎంత పాతదో చూస్తేనే అర్థమవుతుంది, ఈ ఊరివాళ్ళకి మంచుతో ఏ పరిచయమూ లేదని.

ఇక్కడి వలస అనగానే గల్ఫ్ గుర్తొస్తుంది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి వేలమందిని అటు లాక్కెళ్ళాయి. అది ఎండలోంచి ఎండలోకి పోవడం. షికాగో దారి వేరు. 1965లో అమెరికా వలస చట్టం మారి, చదువుకీ వృత్తికీ తలుపు తెరిచింది. ఉస్మానియాలో చదివిన డాక్టర్లు, ఇంజనీర్లు బయల్దేరారు. వాళ్ళ వెనక అన్నదమ్ములు, బావమరుదులు.

1967 జనవరి 26, 27 తేదీల్లో షికాగో మీద 23 అంగుళాల మంచు పడింది. కార్లనీ బస్సులనీ నడిరోడ్డు మీదే వదిలేసి జనం నడిచి ఇళ్ళు చేరారు. అప్పటికి రంజాన్ పండగ అయి రెండు వారాలు. ఉపఖండం నుంచి వచ్చినవాళ్ళు అక్కడప్పుడు కొద్దిమందే. డిసెంబర్‌లో సాయంత్రం 4:20కే పొద్దుగుంకే ఆ ఊళ్ళో ఉపవాసం పదకొండు గంటలైనా ఉండదు. ఆకలి తక్కువే, చీకటే ఎక్కువ. ఇఫ్తార్‌కి పిలవడానికి పక్కింట్లో ఎవరూ లేని చీకటి అది. చలికి కోటు కొనుక్కోవచ్చు, దీనికి ఏం కొంటారు?

దానికి మందు షికాగోలోని డెవాన్ అవెన్యూలో దొరికిందని నా నమ్మకం. ఒకప్పుడు యూదుల అంగళ్ళున్న ఆ వీధిలోకి 1970ల్లో చీరల దుకాణాలు, మసాలా కొట్లు వచ్చాయి. తర్వాత హలాల్ మాంసం కొట్లు, మసీదు, హైదరాబాదు పేరు పెట్టుకున్న హోటళ్ళు. మేక కాళ్ళు దొరికితే పాయా అవుతుంది. పాయా ఉడికితే నలుగురు చేరతారు. 1985 జనవరి 20న ఉష్ణోగ్రత సున్నాకి దిగువన దాదాపు 33 డిగ్రీలకి పడిపోయింది. షికాగో చరిత్రలో అంత చలి మళ్ళీ రాలేదు. అయితే ఈసారి మనవాళ్ళకి వెళ్ళడానికంటూ ఒక వీధి ఉంది.

ఇస్లామీయ చాంద్రమానం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కనుక, రంజాన్ సుమారు 33 ఏళ్ళకి మళ్ళీ అదే రుతువులోకి వస్తుంది. 1998 డిసెంబర్‌లో అలాగే వచ్చింది. నెల సగంలో, 1999 జనవరి మొదటి రోజుల్లో, 21 అంగుళాలు దాటి మంచు కురిసింది. 1967 నాటి మంచుకి ఇంచుమించు సమానం. తేడా ఆకాశంలో లేదు, నేల మీద ఉంది. అప్పటికి డెవాన్‌లో ఇఫ్తార్‌కి హలీమ్ దొరుకుతోంది.

2008లో హైదరాబాదులోనే అమెరికా కాన్సులేట్ తెరిచారు. వీసా కోసం మద్రాసు రైలెక్కే పని తప్పింది. ఇప్పుడు వెళ్ళే కుర్రాళ్ళకి మంచు బూట్ల దగ్గర్నుంచి అన్నీ ముందే తెలుసు. చాలామంది శివారు ఊళ్ళలో, ఇల్లిల్లూ దూరం దూరంగా ఉండేచోట స్థిరపడుతున్నారు. నాకు దిగులు కలిగించేది అదే. 2030లో రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది, జనవరి తొలివారంలో ఒకటి, డిసెంబర్ చివర్లో ఇంకొకటి. రెండూ సాయంత్రం నాలుగున్నరకే కమ్ముకునే ఆ చీకట్లోనే.