పద్యం పక్కన పెట్టె: గోదావరి డెల్టాలో రంగస్థల హార్మోనిస్టు వృత్తి

తెలుగు పద్యనాటక చరిత్ర ఎక్కువగా కవుల చరిత్రగానో, నటుల చరిత్రగానో వచ్చింది. ఆ ఇద్దరి మధ్యా కూర్చుని పద్యాన్ని జనం చెవిదాకా చేర్చిన హార్మోనిస్టుకు అందులో విడిగా అధ్యాయం దొరకడం అరుదు. నరసాపురం చుట్టుపక్కల డెల్టా నాటకాన్ని ఆధారంగా చేసుకుని ఆ వృత్తిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పోలికకు అర్జెంటీనా టాంగోలోని బాండోనియన్ వాదకుణ్ణి తీసుకున్నాను. రెండు వాద్యాల్లోనూ పలికేది గాలి తగిలితే అదిరే లోహపు రీడే. రెండూ పంతొమ్మిదో శతాబ్ది నడుమ యూరప్‌లో పుట్టి, పుట్టినచోట కాక దూరదేశపు రాత్రి వేదికల మీద ప్రాణం పోసుకున్నాయి.

జర్మనీలోని క్రెఫెల్డ్‌లో హైన్‌రిఖ్ బాండ్ పేరు మీద బాండోనియన్ వచ్చింది. టాంగో వాదకులు కోరుకున్న పెట్టెలు కార్ల్స్‌ఫెల్డ్‌లోని ఆల్ఫ్రెడ్ ఆర్నాల్డ్ కర్మాగారంలో తయారై ఓడల మీద బ్యూనస్ ఎయిర్స్ చేరాయి. హార్మోనియానికి 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ పేటెంటు తీసుకున్నాడు. నేల మీద కూర్చుని వాయించుకునే చేతిపెట్టెగా దాన్ని 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకనాథ్ ఘోష్ మలిచాడు. మన నాటకశాలల్లో మాత్రం కాళ్లతో తొక్కే పెద్ద పెట్టె చాలాకాలం నిలిచింది. గాలి పని కాళ్లకు అప్పగిస్తే రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. పెద్ద పందిళ్లలో, మైకు లేని రోజుల్లో, ఆ నాదబలం అవసరమైంది.

నాటకానికి గోదావరి డెల్టా కవుల్ని కూడా ఇచ్చింది. గయోపాఖ్యానం రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం పుట్టింది ఖండవల్లిలో. పాండవోద్యోగ విజయాల జంటకవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిది కడియం. వాళ్ల నాటకాల్లోని ఆ పద్యాలు తీర్థాల్లో రాత్రంతా పాడుకునేవిగా మారడంలో హార్మోనిస్టు చేయి ఎంతో ఉంది.

దీన్ని గ్రహించడానికి కాంట్రాక్టు నాటకం నడిచే తీరు చూడాలి. కాంట్రాక్టరు ఒక్కొక్క నటుణ్ణి ఒక్కొక్క ఊరి నుంచి పిలిపిస్తాడు. పాండవోద్యోగ విజయాల్లోని పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు. అర్జునుడూ దుర్యోధనుడూ ఇంకెక్కడివాళ్లో. అందరూ కలిసి రిహార్సలు చేసే వీలుండదు, ముఖానికి రంగు వేసుకునేటప్పుడే పలకరింపులు. ఆ రాత్రి అందరి పాటా తెలిసినవాడు పెట్టె ముందున్న మనిషి ఒక్కడే. ఎవరు ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకుంటారో, చివరి పాదం మీద ఎంతసేపు రాగం తీస్తారో, ఎక్కడ ఊపిరి అందక తడబడతారో అతనికి ముందే తెలియాలి. రిహార్సలు లేని నాటకానికి అతనే రిహార్సలు అని నా అభిప్రాయం.

అందులోని శాస్త్రజ్ఞానాన్ని తక్కువగా చూడకూడదు. పడకసీనులో అర్జునుడు నాలుగున్నర శ్రుతిలో మోహన పాడాడనుకుందాం. ఆ రాగం స్వరాలన్నీ నల్లమెట్ల మీదే పడతాయి. కృష్ణుడు అదే మోహనను అయిదు శ్రుతిలో అందుకుంటే స్వరాలన్నీ తెల్లమెట్ల మీదికి మారిపోతాయి. రాగం ఒకటే, వేళ్ల దారి మాత్రం పూర్తిగా వేరు. ఈ మార్పు రెండు సంభాషణల నడుమ, ప్రేక్షకుడికి తెలియకుండా జరిగిపోవాలి. ఇక గమకం సంగతి. రెండు మెట్ల మధ్య జారడానికి హార్మోనియంలో చోటు లేదు. అందుకే మంచి హార్మోనిస్టు గొంతు జారేచోట తాను నిలకడ స్వరం పట్టుకుని, గొంతు వాలిన తర్వాత ఆ సంగతిని క్లుప్తంగా తిరిగి పలికిస్తాడు. వాద్యంలోని లోపాన్ని గాయకుడికి ఆసరాగా మార్చిన ఈ పద్ధతిని నేను సృజన అనే అంటాను.

బాండోనియన్‌ది మరో కష్టం. అర్జెంటీనాలో వాడుకలో ఉన్న రకానికి 71 మీటలు. తిత్తి సాగదీసినప్పుడు ఒక స్వరం, మూసినప్పుడు మరొక స్వరం పలకడం వల్ల మొత్తం 142 నాదాలు. ఆ వాద్యంతో అనిబాల్ త్రోయ్లో 1937లో సొంత బృందం పెట్టి, 1975లో చనిపోయేదాకా టాంగోకు పెద్దదిక్కుగా నిలిచాడు. ఫియొరెంటినో, గోయెనెచె వంటి గాయకులు అతని బృందంలోనే పేరు తెచ్చుకున్నారు. ఆస్తర్ పియజొల్లా 1939 నుంచి 1944 దాకా అక్కడే వాయించి, ఆ తర్వాత తన దారి తాను వేసుకున్నాడు. త్రోయ్లో పుట్టినరోజైన జూలై 11ని అర్జెంటీనా బాండోనియన్ దినంగా జరుపుకుంటోంది. గాయకుడి వెనక ఉండి నడిపించినవాడికి ఒక దేశం ఇంత గౌరవం ఇచ్చింది.

మన దగ్గర జరిగింది దీనికి ఎదురు. గమకానికి పనికిరాదన్న వాదంతో 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971 ప్రాంతంలో గానీ ఆ పట్టు సడలలేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, అంటే నిషేధం నడుస్తున్న కాలంలోనే. డెల్టాలో ఊరూరా రాత్రుళ్లు మోగుతున్న వాద్యానికి తమ ప్రాంతపు రేడియోలోనే తలుపు మూసి ఉంది. శాస్త్రీయ గానం విషయంలో ఆ వాదానికి కొంత బలం ఉంది. పద్యనాటకం విషయంలో మాత్రం అది అన్యాయమే. ఆ తరం హార్మోనిస్టుల వాద్యం భద్రపడవలసిన చోట భద్రపడకపోవడానికి ఇదొక ముఖ్యకారణమని భావిస్తున్నాను.

అందరిదీ ఒకే గతి కాదు. నాటకాల్లో పెట్టె వాయించిన పెండ్యాల నాగేశ్వరరావు 1948లో ‘ద్రోహి’తో సంగీతదర్శకుడయ్యారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల నుంచి వచ్చిన పి. ఆదినారాయణరావు ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ దాకా వెళ్లారు. గయోపాఖ్యాన కథే 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’గా తెరకెక్కినప్పుడు సంగీతం పెండ్యాలదే. వేదిక మీది పద్యాన్ని ఆయన సినిమా నిడివికి కుదించారు, సాగదీసే రాగాన్ని తగ్గించారు, పాదానికీ పాదానికీ మధ్య వాద్యం అందుకునే చోటును మాత్రం వదులుకోలేదు. ఆ చోటు విలువ రంగస్థలం మీద పనిచేసినవాడికే బాగా తెలుస్తుంది.

సినిమాల కోసం మద్రాసు వెళ్లకుండా డెల్టాలోనే ఉండిపోయినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు సీజను అంటే కోతలయ్యాక వచ్చే తీర్థాలు, అంతర్వేది కల్యాణం రోజులు, శివరాత్రి. మిగతా నెలల్లో కుర్రకారుకు పద్యాలు నేర్పడం, రీడ్లు సరిచేయడం, భజనల్లో వాయించడం. వీళ్ల జాడ వెతకడానికి మొదటి ఆధారం నాటకాల కరపత్రాలు. వాటిలో నటుల పేర్లన్నీ అయ్యాక, అడుగున, ‘హార్మోనియం’ అన్న మాట పక్కన ఒక పేరుంటుంది. ఊరిపేరూ తేదీతో సహా ఆ పేర్లను వరుసగా ఎత్తి రాసుకుంటే, ఒక్కో హార్మోనిస్టు ఏ ఏట ఏ నటుడికి వాయించాడో, ఎన్ని ఊళ్లు తిరిగాడో, ఏ కృష్ణుడికి ఏళ్ల తరబడి తోడున్నాడో తేల్చవచ్చు. నరసాపురం, పాలకొల్లు, భీమవరం ఇళ్లలో అటకల మీద ఉన్న ఆ కాగితాలను చెదలు పట్టకముందే సేకరించడం ఈ పరిశోధనలో తక్షణం చేయవలసిన పని.