నేలసంపెంగ వచ్చిన దారి

గుమ్మఘట్ట పక్కన వేదవతి ఉన్నదన్న మాటే గాని, అది ఏడాదిలో ఎన్నాళ్లు పారుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వానే సుమారు 550 మిల్లీమీటర్లు. ఇట్లాంటి చోట పూలమడి మాటెత్తితే, “శెనక్కాయకే నీళ్లు లేవు, పూలకెక్కడివయ్యా?” అంటారు. న్యాయమే. అయినా ఒక పూవు కథ వినండి.

మనం నేలసంపెంగ అంటాం. అంగడిలో లిల్లీ. ఎల్ల దాటితే కన్నడంలో సుగంధరాజ. నిజానికిది సంపెంగా కాదు, లిల్లీయూ కాదు. పుట్టిల్లు మెక్సికో. అక్కడి అజ్టెక్ జనం దీన్ని పెంచుకొని ‘ఎముక పూవు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఆ తెల్లని మొగ్గను చూచినవారికి పేరు వింతగా తోచదు. 1521లో స్పెయినువారు ఆ రాజ్యాన్ని గెలిచారు. ఆ శతాబ్దంలోనే గడ్డలు ఓడలెక్కి ఐరోపా చేరినవి. మన దేశానికీ ఐరోపావారి చేతుల మీదుగానే వచ్చినవి. 1753లో లిన్నేయస్ శాస్త్రనామం పెట్టాడు. ఇప్పటి శాస్త్రజ్ఞులు దీన్ని కిత్తనార ప్రజాతిలోనే చేర్చారు. చేనిగట్టు కిత్తనారకు ఇది చెల్లెలన్నమాట!

తనంతట తాను మొలిచే నేలసంపెంగ అడవిలో కనబడదు. ఎవరో ఒకరు గడ్డ తవ్వి ఇంకొకరి చేతిలో పెట్టబట్టే ఇన్ని వందల ఏండ్లు బతికింది.

మనకు పనికివచ్చే సంగతి ఇక్కడే ఉంది. మెక్సికోలోనూ మనలాగే జూను నుంచి వానలు, తర్వాత ఎండు నెలలు. ఆ నెలల్లో ఆకు వాడినా గడ్డ నేలలో నిద్రపోయి, మళ్లీ వానకు లేస్తుంది. అందుకే చలికాలంలో తడి తగ్గించినా మొక్క చావదు. అట్లాగని నీళ్లు లేకుండా పూస్తుందనుకోకండి. కాడ లేచేటప్పుడు తడి ఆపితే పూలు తగ్గుతాయి. నీరు నిలిచినా గడ్డ కుళ్లుతుంది. బోరు ఊట చూచుకొని పెరట్లో రెండు మళ్లతో మొదలుపెట్టండి. ఎకరం మాట తర్వాత.

ముంగారు వానలకు ముందు ఉసిరికాయంత గడ్డలను జానెడు దూరంలో, రెండంగుళాల లోతున నాటాలి. మూడు నాలుగు నెలలకు మూడడుగుల కాడ లేచి, కిందినుంచి పైకి విచ్చుతుంది. దండలకు ఒంటిరేకు రకమే మేలు, వాసనా దానికే ఎక్కువ. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థవారు శృంగార్ రకాన్ని మెక్సికో ఒంటిరేకుతో సంకరపరచి ‘ప్రజ్వల్’ తీశారు. రెండు మూడేండ్లకు మడి తవ్వి, పిల్లగడ్డలు వేరుచేసి కొత్తచోట వేయండి. పొరుగువారి దగ్గర గడ్డలు తెచ్చుకుంటే మాత్రం, వేళ్లమీద బుడిపెలున్న వాటిని ముట్టకండి. అవి నులిపురుగులు పెట్టినవి. ఒకసారి నేలకంటితే వదలవు.