కట్టు కట్టాక అడగాల్సిన మాట

భర్త కొట్టిన ఆడమనిషి పోలీస్ స్టేషన్ గడప తొక్కే ముందు వందసార్లు ఆలోచిస్తుంది. లాయరు దగ్గరికి వెళ్దామంటే చేతిలో డబ్బుండదు. పుట్టింటికి వెళ్దామంటే పరువు అడ్డొస్తుంది. ఆసుపత్రికి వెళ్లడానికి మాత్రం ఎవరి దగ్గరా సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. పగిలిన తలకి కుట్లు వేయించాలి కాబట్టి కొట్టినవాడే ఒక్కోసారి ఆటో మాట్లాడి తీసుకెళ్తాడు. ముంబైలో ‘దిలాసా’ ఈ సంగతి మీదే మొదలైంది. అది యంత్రమూ కాదు, మందూ కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక గది, ఆ గదిలో ఆమె మాట నమ్మే మనిషి. మన దేశ వైద్యంలో వచ్చిన పెద్ద ఆవిష్కరణల్లో దాన్నీ లెక్కపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

1990ల చివర్లో పరిశోధకులు ముంబైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాల్టీ రికార్డులు తిరగేశారు. అక్కడికి వచ్చిన ఆడవాళ్లలో చాలామంది గాయాల వెనక ఉన్నది ఇంట్లో హింసేనని, లేదా హింసే అయ్యుండొచ్చని తేలింది. కానీ ఇలాంటి కేసుల్లో కాగితం మీద పడే మాటలు మనకి తెలిసినవే: మెట్ల మీంచి పడింది, స్టవ్ పేలింది, పొరపాటున విషం తాగింది. కాలు జారి పడిన మనిషికి మోకాలో అరచెయ్యో గీరుకుపోతుంది. ముంజేతి బయటివైపు వరసగా కమిలిందంటే, మొహం మీద పడబోయే దెబ్బని ఆ చెయ్యి అడ్డుకుందన్నమాట. పాత మచ్చ పక్కనే కొత్తది కనిపిస్తే ఇది మొదటిసారి కాదని అర్థం. చూడటం వచ్చిన డాక్టరుకి ఇవేవీ దాగవు.

మరి ఎందుకు రాయలేదు? చీటీ పట్టుకుని భర్తో అత్తగారో పక్కనే నిలబడితే ఆమె నోరు విప్పదు. కావాలని విషం తాగానని ఒప్పుకుంటే, అప్పట్లో ఐపీసీ 309 కింద ఆత్మహత్యాయత్నం నేరమయ్యేది. అందుకని బతికి బయటపడ్డ మనిషి కూడా ‘పొరపాటున’ అనే చెప్పేది. ఎం.ఎల్.సి. (మెడికో-లీగల్ కేసు) అని రాస్తే రేపు కోర్టు చుట్టూ తిరగాలని డాక్టరు భయం. అందరూ కలిసి ఒప్పుకున్న అబద్ధం రిజిస్టరులో నిజమై కూర్చుంది. ఆమె కట్టు కట్టించుకుని, నొప్పి మాత్రలు తీసుకుని, అదే ఇంటికి తిరిగి వెళ్లింది.

హింస ప్రజారోగ్య సమస్యేనని ప్రపంచ ఆరోగ్య సభ 1996లో తీర్మానించింది. బాధితులకి వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం ఒక్కచోటే దొరికేలా మలేసియాలోని కౌలాలంపూర్ ఆసుపత్రి అప్పటికే ఒక కేంద్రం తెరిచింది. మన దగ్గర ఆ పని తలకెత్తుకున్నది ‘సెహత్’ అనే ముంబై పరిశోధన సంస్థ. బృహన్ముంబై కార్పొరేషన్‌తో చేయి కలిపి 2000లో బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో దిలాసా పని మొదలుపెట్టింది.

అక్కడ వాళ్లు తీసుకున్న ఒక నిర్ణయం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. స్వచ్ఛంద సంస్థ బల్ల ఒకటి వరండాలో వేసి ఊరుకోలేదు. దిలాసాని ఆసుపత్రిలో ఒక విభాగంగా నిలబెట్టారు. ఆసుపత్రి డాక్టర్లకీ నర్సులకీ శిక్షణ ఇచ్చి, మిగతావాళ్లకి వాళ్లచేతే నేర్పించారు. ప్రాజెక్టు డబ్బు అయిపోతే బల్ల లేచిపోతుంది, విభాగం అలా లేచిపోదు. ఆ శిక్షణలో గాయాల కన్నా ముందు మాట్లాడుకోవాల్సింది నమ్మకాల గురించే. “ఊరికే ఎందుకు కొడతాడు, ఈవిడేం చేసిందో” అనే ఆలోచన తెల్లకోటు వేసుకున్నంత మాత్రాన పోదు.

అడిగే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. వెంట వచ్చినవాళ్లని బయట కూర్చోబెట్టాలి. తలుపు దగ్గరికి వేసి, “ఇలాంటి దెబ్బలతో వచ్చేవాళ్లలో ఇంట్లోవాళ్లు కొట్టినవాళ్లు చాలామంది ఉంటారమ్మా, మీకూ అలాగే జరిగిందా?” అనాలి. చెబితే ఆమె మాటల్లోనే కేసు పేపరు మీద రాయాలి. ఆ కాగితమే రేపు కోర్టులో సాక్ష్యం. చెప్పకపోతే గుచ్చి గుచ్చి అడగకూడదు, మళ్లీ ఎప్పుడైనా రావచ్చని చెప్పి పంపాలి. ఆ రాత్రి ఇంటికి వెళ్తే ప్రాణానికి ముప్పనుకుంటే, పరిశీలన కోసమని వార్డులో ఒకటి రెండు రోజులు మంచం ఇచ్చే ఏర్పాటు కూడా చేశారు. విషం తాగి చేరినవాళ్ల దగ్గరికి కౌన్సెలర్లే వెళ్లి పలకరించేవాళ్లు.

అయితే ఓ.పి.కి వచ్చే ప్రతి హింసా రక్తం కారుతూ రాదు. ఎన్ని మందులు వాడినా తగ్గని తలనొప్పి, నడుంనొప్పి, తెల్లబట్ట, నిద్ర పట్టకపోవడం, మళ్లీ మళ్లీ పోతున్న కడుపు, ఇలా వస్తుంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం భాగస్వామి హింసకి గురైన స్త్రీలు డిప్రెషన్‌లో పడే అవకాశం దాదాపు రెట్టింపు. వాళ్లకి తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువ. నెలలు నిండుతున్నా బిడ్డ ఎదగట్లేదంటే రక్తం గోలీలు రాసిస్తాం. రాత్రి ఇంట్లో ఏం జరిగిందని అడగం.

తర్వాత చట్టాలూ కదిలాయి. 2005 గృహహింస చట్టం, బాధితురాలు కోరితే వైద్యం అందించాల్సిన బాధ్యత ఆసుపత్రుల మీద పెట్టింది. అత్యాచార బాధితులకి ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా ఉచితంగా వైద్యం చేయాల్సిందేనని నేర చట్టాలకి 2013లో చేసిన సవరణ చెప్పింది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి తప్ప శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం అంది. దిలాసా ముంబైలోని మరిన్ని మునిసిపల్ ఆసుపత్రులకి పాకింది. కేరళ ‘భూమిక’ పేరుతో ఆసుపత్రుల్లోనే ఇలాంటి కేంద్రాలు పెట్టింది.

మన సంగతికొస్తే, అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో భర్త చేతిలో హింస చూసినవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింసకి గురైనవాళ్లలో సాయం కోరినవాళ్లు 14 శాతమే. హింసకి గురైన ఆడవాళ్ల కోసం 2015 నుంచి సఖి కేంద్రాలు, 181 హెల్ప్‌లైన్ నంబరు వచ్చాయి, మంచిదే. సఖి కేంద్రం ఆసుపత్రిలో గానీ, కాకుంటే రెండు కిలోమీటర్ల లోపు గానీ ఉండాలన్నారు. వెంట అత్తగారు, చంకలో పిల్ల, చేతిలో లెక్కపెట్టి ఇచ్చిన డబ్బులు ఉన్న మనిషికి ఆ రెండు కిలోమీటర్లు చాలా దూరం.

ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ ఓ.పి. పక్కనే ఒక గది, శిక్షణ పొందిన ఇద్దరు స్టాఫ్ నర్సులు కావాలి. ఒకేసారి అన్ని విభాగాల్లో కుదరకపోతే ముందు గర్భిణుల ఓ.పి.తో మొదలుపెట్టొచ్చు. నెలనెలా పరీక్షకి ఆమె ఎలాగూ వస్తుంది, లోపల పరీక్ష చేసే కాసేపైనా ఒంటరిగా దొరుకుతుంది.