అడవిబాటలో సైకిలు: నడచువాడును త్రొక్కువాడును

సైకిలు ఎరుగని గ్రామము నేడు లేదు. ముందుకడ్డీపై కొడుకును, వెనుక ధాన్యపుబస్తాను ఎక్కించుకొని కాలువగట్టుమీదను డొంకలోను సాగిపోవు రైతును మనమందరమును చూచినవారమే. మంచి రోడ్డు దొరకినచో సరి, దొరకనిచో మట్టిదారియే దారి. మనకు ఇది నిత్యకృత్యము గనుక వింతగా తోచదు. కాని కొన్ని పాశ్చాత్య దేశములలో సైకిలును అడవులలోనికిని కొండలమీదికిని కొనిపోవుట ఒక ప్రత్యేక వ్యాసంగముగా పెరిగినది. దానికై వేరొక జాతి సైకిలే పుట్టినది. కొందరు ఆలుబిడ్డలతో కలసి పోవుదురు, కొందరు ఒంటరిగా పోవుదురు. ఈ వ్యాసంగము ఎట్లు పుట్టినది, బాటపై నడచువారితో ఎట్టి తగవు తెచ్చుకొన్నది, ఆ తగవు ఎంతవరకు తీరినది అను చరిత్రను ఈ పూట విన్నవించెదను.

ఈ కథకు ఆదిపురుషుడు అడవి ఉద్యోగియే అగుట విశేషము. జర్మనీదేశపు బాడెన్ సంస్థానమున కార్ల్ డ్రైస్ అను అటవీశాఖాధికారి యుండెను. ఆయన 1817 జూన్ 12వ తేదీన మాన్‌హైమ్ పట్టణమునుండి తాను కల్పించిన కొయ్యయంత్రముపై బయలుదేరెను. దానికి పెడళ్ళు లేవు, గొలుసు లేదు. ఒక దూలమునకు ముందొక చక్రము, వెనుకనొక చక్రము, నడుమ ఆసనము. దానిపై కూర్చుండి రెండు కాళ్ళతో నేలను తన్నుచు ముందుకు సాగవలెను. ఆనాటి బండ్లదారులు గాడులు పడి యుండుటచే ఈ యంత్రములవారు నడచువారికై వేసిన బాటలమీదికి ఎక్కిరి. నడచువారు మొరపెట్టుకొనిరి. కొలది సంవత్సరములలోనే జర్మనీ, ఇంగ్లాండు, అమెరికా దేశముల పట్టణములందును, మన కలకత్తాయందును దానిని నిషేధించిరి. కాబట్టి నడచువానికిని చక్రమువానికిని గల తగవు చక్రముతో పాటే పుట్టినదని చెప్పవచ్చును.

1860 తరువాత ప్యారిస్ నగరమున ముందుచక్రమునకు పెడళ్ళు అమర్చిరి. 1885లో ఇంగ్లాండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నుండి, గొలుసుచే వెనుకచక్రము తిరుగు సైకిలును చేసెను. మన యూళ్ళలోని సైకిలునకు ఇదియే మూలపురుషుడు. 1888లో బెల్‌ఫాస్టు పట్టణమునందలి జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు, తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు తగ్గించుటకై రబ్బరుగొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టెను. ఒక బిడ్డ సుఖమునకై తండ్రి చేసిన యుపాయము లోకములోని చక్రములకెల్ల ఉపకరించినది.

సైకిలు ఈ రూపము దాల్చునప్పటికి మంచి రోడ్లు అరుదు. అందుచేత తొలినాటి సైకిలువారిలో పెక్కుమంది మట్టిదారివారే. 1897లో అమెరికా సైన్యము సైకిలును పరీక్షింపదలచి, మాంటానా రాష్ట్రపు మిసౌలా కోటనుండి సెయింట్ లూయిస్ నగరమునకు ఇరువదిమంది సైనికులను పంపెను. వారు 25వ పదాతిదళమునకు చెందిన నల్లజాతివారు. వారి నాయకుడు లెఫ్టినెంటు జేమ్స్ మాస్. దూరము 1,900 మైళ్ళు. వానలకు చక్రములు బురదలో కూరుకొనెను. దారి చెడిన తావుల రైలుపట్టాల నడిమి దిమ్మెలపై త్రొక్కిరి. జూన్ 14న బయలుదేరినవారు జూలై 24న గమ్యము చేరిరి. మరుసటి యేట యుద్ధము రాగా ఆ ప్రయత్నము నిలిచిపోయెను. కాని రోడ్డు లేనిచోటను సైకిలు పోగలదని వారు ఋజువు చేసిరి.

పిమ్మట రోడ్లు నున్నబడినకొలదిని పందెపు సైకిళ్ళు సన్నబడెను, టైర్లు వ్రేలెడు లావైనవి. అట్టి సైకిలు గులకరాయి తగిలిన వణకును. అయినను ప్రాతదారులపై మక్కువగలవారు లేకపోలేదు. 1955లో ఇంగ్లాండునందు కొందరు 'రఫ్ స్టఫ్ ఫెలోషిప్' అను సంఘమును స్థాపించిరి. వారు సాధారణమైన సైకిళ్ళనే గొఱ్ఱెలకాపరుల బాటలమీదను కనుమలమీదను నడిపెడివారు. త్రొక్కుటకు వీలుకానిచోట సైకిలును భుజమున వేసికొని నడచెడివారు.

ఇక అసలు కొండసైకిలు పుట్టుక వినుడు. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున మారిన్ అను జిల్లా కలదు. అందు టామల్పైస్ అను కొండ సుమారు 2,570 అడుగుల ఎత్తున నిలిచియున్నది. కార్చిచ్చు రేగినప్పుడు మంట లార్పువారు పోవుటకై ఆ ప్రాంతపు కొండలపై మట్టిదారులు తీర్చియుండిరి. 1970 తరువాత అచ్చటి యువకులు కొందరు, 1930, 1940 సంవత్సరముల కాలమునాటి లావుటైర్ల సైకిళ్ళను చౌకగా సంపాదించి, మడ్‌గార్డులు ఊడదీసి, కొండమీదనుండి క్రిందికి దిగుట మొదలిడిరి. ఆ సైకిళ్ళు మిక్కిలి బరువైనవి. వానికి చేతిబ్రేకు లేదు. పెడలును వెనుకకు త్రొక్కినచో వెనుకచక్రపు కుండలో ఒరపిడి కలిగి బండి ఆగును.

1976 అక్టోబరు 21న ఫేర్‌ఫాక్స్ అను ఊరి చెంత ఒక కొండదారిపై వారు తొలిపందెము నడిపిరి. ఆ దారి రెండు మైళ్ళకు కొంచె మెక్కువ. అంతలోనే 1,300 అడుగులు దిగవలెను. అడుగునకు వచ్చునప్పటికి ఒరపిడివేడికి చక్రపుకుండలోని కందెన కాగి పొగయై పోయెడిది. మరల క్రొత్తకందెన కూరినగాని సైకిలు కదలదు. ఇరుసునకు కందెన వేయుట మనకు క్రొత్తకాదు గదా! ఇంగ్లీషులో ఇట్లు మరల కూరుటను 'రీప్యాక్' అందురు. కందెన కూరుటయే ఆ పందెమునకు పేరైనది. చార్లీ కెల్లీ పందెము నడిపించువాడు. గ్యారీ ఫిషర్ 4 నిమిషముల 22 సెకండ్లలో దిగి అందరికంటె వడి చూపెను. వెండీ క్రాగ్ అను స్త్రీ తానును త్రొక్కి, ఛాయాచిత్రములు తీసి, ఆ చరిత్రను మనకు నిలిపెను.

ప్రాత చట్రములు ఆ దెబ్బలకు తాళజాలవయ్యెను. 1977లో జో బ్రీజ్ అను పందెగాడు, కొండదారికే యని తలపెట్టి, గట్టి ఉక్కుగొట్టములతో క్రొత్త సైకిలును నిర్మించెను. లావుటైర్లు, పెక్కు పళ్ళచక్రములు, చేతిబ్రేకులు దానికి అమరెను. దిగుటకే గాక ఎక్కుటకును పనికివచ్చు సైకిలు లభించినది. 1979లో ఫిషర్, కెల్లీలు టామ్ రిచీ చేసిన చట్రములతో ఇట్టి సైకిళ్ళను అమ్మకమునకు పెట్టిరి. 1981లో కాలిఫోర్నియాలోని స్పెషలైజ్డ్ కంపెనీవారు జపానులో చేయించిన కొండసైకిలును విపణికి తెచ్చిరి. 1990లో కొలరాడో రాష్ట్రమునందు ప్రపంచపు పోటీలు జరిగెను. 1996లో అట్లాంటా ఒలింపిక్సునందు ఈ క్రీడకు స్థానము లభించెను. కందెన కాగిన తొలిపందెమునకును దీనికిని నడుమ ఇరువది సంవత్సరములే!

కాని ఈ విజయకథ వెనుక ఒక కలహము నడచినది. పదిమంది త్రొక్కిననాడు కొండ ఓర్చుకొనెను. వేలమంది త్రొక్కిననాడు నడచువారు ఓర్వలేకపోయిరి. మలుపు తిరుగునప్పటికి సైకిలు మీద పడునని వృద్ధులు భయపడిరి. గుఱ్ఱములు బెదరెను. తడినేలపై చక్రము గీసిన గాడివెంట వాననీరు పారి బాట కోసుకొనిపోవునని ఫిర్యాదులు వచ్చెను. సైకిలువారు ఊరకుండలేదు. మా బండి పొగ విడువదు, చెట్టు కొట్టదు, గుఱ్ఱపుడెక్క మాత్రము నేల త్రవ్వదా యని వాదించిరి. ఉభయుల మాటలోను సత్యము కలదు.

ప్రభుత్వము చట్టమును చేతబట్టెను. మనుష్యుని పనితనము సోకని అడవులను అట్లే కాపాడుటకై అమెరికాలో 1964లో ఒక చట్టము వచ్చియుండెను. అట్టి అడవులలో యంత్రవాహనములు పోరాదు. సైకిలును ఆ కోవలోనిదేయని అటవీశాఖ 1984లో స్పష్టముగా నియమము చేసెను. టామల్పైస్ కొండమీదను సన్నని కాలిబాటలు సైకిళ్ళకు మూతపడెను. వెడల్పైన దారులపై గంటకు 15 మైళ్ళు, కనబడని మలుపులందు 5 మైళ్ళు మించరాదని కట్టడి వచ్చెను. పుట్టినింటనే కొండసైకిలునకు తలుపులు మూసిరి.

అప్పుడు సైకిలువారిలో పెద్దలు ఆలోచించిరి. హక్కు అడుగువాడు ముందు నడవడి చూపవలెనని గ్రహించిరి. 1988లో కాలిఫోర్నియాయందలి సంఘములు కలసి ఒక అంతర్జాతీయ సంఘముగా ఏర్పడెను. అది ప్రచారము చేసిన నియమములు సులభమైనవి: అనుమతి గల బాటపైననే పొమ్ము, జాడ విడువకుము, బండిని అదుపున నుంచుము, నడచువానికిని గుఱ్ఱమునకును దారి యిమ్ము, జంతువులను బెదరింపకుము, సిద్ధపడి బయలుదేరుము. నియమములు చదివి యూరకొనక, ఎన్నో తావుల సైకిలువారు పలుగు పార చేతబట్టి, వాన కోసిన బాటలను తామే పూడ్చి, నీరు ప్రక్కకు పోవునట్లు వాలు తీర్చిరి. చేసిన కష్టమును చూచి కొందరి మనస్సులు మెత్తబడెను.

వేల్సుదేశమున మరియొక మార్గము దొరకినది. మొదటి ప్రపంచయుద్ధములో కలప కొరత చూచి, బ్రిటిషు ప్రభుత్వము 1919లో అడవులు పెంచు సంఘమును నెలకొల్పియుండెను. ఆ సంఘపు అడవులలో నొకటియైన కోయిడ్-ఎ-బ్రెనిన్‌నందు, 1990 తరువాతి సంవత్సరములలో, సైకిళ్ళకే యని ప్రత్యేకముగా బాటలు తీర్చిరి. రాళ్ళు పరచి నేల కోసుకొనిపోకుండ చేసిరి. బాట కష్టమును తెలుపుటకు రంగులు గుర్తులుగా పెట్టు పద్ధతి ఆ దేశమున వాడుకయైనది: పచ్చనిది బిడ్డలకును క్రొత్తవారికిని, నీలము కొంచెము అలవాటైనవారికి, ఎఱుపు నేర్పరులకు, నలుపు ఆరితేరినవారికి మాత్రమే. కలప యమ్ముటకు పెంచిన అడవి కుటుంబములకు విహారస్థల మైనది.

ఈ రంగుల యేర్పాటులో ఒక నీతి కలదు. కుటుంబముతో పోవునప్పుడు అందరిలో చిన్నవాని వడియే అందరి వడి. ఎంతటి బలశాలియైనను ఆనాడు పచ్చగుర్తు బాటనే పట్టి, ఏటి యొడ్డున ఆగి, బిడ్డ అలసట తీరువరకు వేచియుండవలెను. ఒంటరిగా పోవువాని సంగతి వేరు. వానికి తోడు వాని తెలివియే. తాను పోవు దారియు మరలివచ్చు వేళయు ఇంట చెప్పి, నీరును, గాలిపంపును, ట్యూబు అతుకుసామగ్రియు వెంట నుంచుకొని, తన శక్తికి మించిన దిగుడు వచ్చినచో సిగ్గుపడక దిగి నడవవలెను. దిగి నడచినవాడు మరునాడును త్రొక్కగలడు.

డ్రైస్ కొయ్యయంత్రము మొదలు నేటివరకు రెండువందల యేండ్ల చరిత్ర మనకు చెప్పునది ఒక్కటే. బాట ఎవనిదియను ప్రశ్నకు బలముచేత జవాబు దొరకలేదు. వేగముగా పోవువాడు మెల్లగా పోవువానికి తలవంచిన చోట బాట ఇద్దరికిని మిగిలినది. వంచని చోట మూతపడినది. మన డొంకలలోను గట్లమీదను ఇదే ధర్మము. కావిడి మోయువాడును, మేకలు తోలుకొని వచ్చు ముసలమ్మయు ఎదురైనప్పుడు సైకిలు దిగి ప్రక్కకు నిలుచు కుఱ్ఱవానిని మీరు చూచియుందురు. వానికి ఆ మర్యాద నేర్పినవారు మీవంటి పెద్దలే. ఆ మర్యాద నిలిచియున్నంతకాలము బాట అందరిది.