మంచం పక్కన పాట: దిగువ కృష్ణా డెల్టాలో జబ్బూ, క్రైస్తవ విశ్వాసమూ

దిగువ కృష్ణా డెల్టాలో ప్రొటెస్టెంటు సంఘానికి జబ్బుతో పరిచయం పుట్టుకతోనే వచ్చింది. 1841లో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇద్దరు యువకులు చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున బందరు చేరారు. అప్పటికి బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టలేదు. సముద్రపు పోటుకు మునిగే ఉప్పు పర్రలు, వానాకాలం జ్వరాలు, వేసవిలో కలరా ఆ సీమకు మామూలు. ఊళ్లు తిరిగి బోధించే ఫాక్స్ ఆరోగ్యం త్వరలోనే దెబ్బతింది. 1845లో భార్య మరణించింది. 1848లో జబ్బుతోనే ఇంగ్లండు తిరిగి వెళ్లి, ఆ అక్టోబరులో 31 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన చదివిన రగ్బీ పాఠశాల వారు ఆయన జ్ఞాపకంగా బందరు బడిలో ఒక ఉపాధ్యాయుడి జీతానికి డబ్బు పంపుతూ వచ్చారు. ఆ బడిని 1843లో నోబుల్ తెరిచాడు. తర్వాత అదే నోబుల్ కళాశాల అయింది. నోబుల్ ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచి, చుట్టుపక్కల సుమారు 30,000 మందిని బలి తీసుకుంది. మరుసటి ఏడాది అక్టోబరులో నోబుల్ కూడా బందరులోనే చనిపోయాడు.

ఈ ఇద్దరి కథను త్యాగమని పొగిడి వదిలేయడం మిషన్ పుస్తకాల అలవాటు. స్థానిక చరిత్రకు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. వాళ్లు తెచ్చిన మతం దగ్గర జబ్బును నయం చేసే మందు లేదు. మలేరియాకు క్వినైను తప్పిస్తే ఆ కాలపు పాశ్చాత్య వైద్యం డెల్టా రోగాల ముందు నాటువైద్యం కన్నా పెద్దగా మెరుగు కాదు. ప్రార్థనతో పాటు రోగికి ఇవ్వగలిగింది సహవాసం, పాట, శుభ్రమైన పడక, కాస్త తిండి. సుమారు వందేళ్ల పాటు ఇక్కడి క్రైస్తవ రోగి బలం పుంజుకున్నది ఎక్కువగా వీటితోనే.

గ్రామాల్లో సంఘం పెరిగింది 1859 తర్వాత. ఆ ఏడాది రాఘవాపురంలో పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక మాలపల్లెలు, తర్వాత మాదిగపల్లెలు కదిలాయి. బౌద్ధ స్తూపం పక్కనే పెరిగిన ఘంటసాల లాంటి పాత ఊళ్లలోనూ, దివిసీమలోనూ ఈ మతం నిలిచింది ప్రధానంగా పాలేర్ల, కూలీల వాడల్లో. కూలివాడు మంచం పడితే ఆ రోజు కూలి పోతుంది, పొయ్యి ఆగుతుంది. అంటరానితనం పాటించే ఊరిలో పెద్దకులం వైద్యుడు పల్లె మనిషి చెయ్యి పట్టుకుని నాడి చూడడానికే వెనకాడేవాడు. అలాంటి చోట ఉపదేశి ఇంటికి వచ్చి మంచం పక్కన కూర్చుని, నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థించడం వైద్యం కాకపోవచ్చు. కాని ఆ చెయ్యి విలువ ఆ పల్లెకు బాగా తెలుసు. ఆడవాళ్ల గదుల్లోకి ఈ పని మోసుకెళ్లింది బైబిలు స్త్రీలు. వాళ్లలో చాలామంది వితంతువులు. చదువు రాని రోగులకు వాక్యం చదివి వినిపించేవాళ్లు, కబుర్లు చెప్పేవాళ్లు. చరిత్రలో వాళ్ల పేర్లు తక్కువే మిగిలాయి.

పాట సంగతి వేరుగా చెప్పుకోవాలి. తెలుగు సంఘం ఇంగ్లీషు రాగాలకు కట్టుబడలేదు. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కర్ణాటక రాగాల్లో నూరుకు పైగా తెలుగు కీర్తనలు రాశాడు. వాటి దారిలో వచ్చిన రచనలన్నీ కలిసి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంగా ఇంటింటికీ చేరాయి. పశ్చాత్తాపం, శరణాగతి, కష్టంలో దేవుణ్ణి పిలవడం ఈ కీర్తనల్లో తరచుగా కనిపించే వస్తువులు. రాగాలు భజన గోష్ఠులకూ, హరికథకూ అలవాటు పడిన చెవులకు కొత్తవి కావు. అందుకే రోగి ఇంట్లో జరిగే గృహకూటం విచారంగా ఉండేది కాదు. తబలా, తాళాలు, ఉంటే హార్మోనియం, చివర టీ, ఒక్కోసారి పులిహోర. రోగి పాడలేకపోతే పాటను ఎంచుకునేవాడు. మూలుగుతున్న మనిషిని తన ఇష్టమేమిటని అడగడం అన్న ఈ చిన్న మర్యాద ఆ ఆచారంలో అన్నిటికన్నా మంచి భాగం.

తిండి విషయంలో సంఘం కొత్తగా చెప్పింది ఏమీ లేదు. డెల్టా ఇళ్లకు పథ్యం తెలుసు: జ్వరంలో గంజి, జావ, తగ్గాక బీరకాయ, పొట్లకాయ కూర, చారన్నం, నోరు రుచి తప్పినప్పుడు పాత నిమ్మకాయ ఊరగాయ, తేరుకుంటున్న మనిషికి కొర్రమీను పులుసు. చూడ్డానికి వచ్చేవాళ్ల చేతిలో బత్తాయిలు, బ్రెడ్డు ఉండడం తర్వాతి కాలపు అలవాటు. దానికి మతభేదం లేదు.

ఆసుపత్రులు వచ్చాక ఇదంతా ఒక పద్ధతిలో పడింది. అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరు ఆనా సారా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె ఆడవాళ్ల ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. కృష్ణ ఇవతల ఉయ్యూరులో కెనడియన్ బాప్టిస్టులు ఆసుపత్రి నడిపారు. వెంట వచ్చిన కుటుంబం ఆవరణలోనే వండి పెట్టుకోవడం మిషన్ ఆసుపత్రుల్లో మామూలు. పడమటి డాక్టర్లు మొదట దీన్ని చిరాకుగా చూసినా, రోగి కోలుకోవడానికి సొంత ఇంటి చారు వాసన అడ్డు కాదని త్వరగానే గ్రహించారు. ఉదయం వార్డులో ప్రార్థన, పాట. వినడం ఇష్టం లేని రోగి కూడా వినక తప్పేది కాదు. ఈ ఏర్పాటులో ఆ ఇబ్బంది ఉంది, దాన్ని దాచనక్కర్లేదు.

నయం కాని జబ్బుల దగ్గర ఈ ఆసుపత్రుల అసలు పరీక్ష మొదలైంది. కుష్ఠురోగికి ఊరిలో చోటు ఉండేది కాదు. రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్టులు వాళ్లకు ఆశ్రమం పెట్టారు. నిజాం రాజ్యంలో స్కాట్లండు డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజామాబాదులో మొదలుపెట్టిన పని, నర్సా గౌడ్ అనే దాత ఇచ్చిన డబ్బుతో 1915 నాటికి డిచ్‌పల్లి ఆసుపత్రిగా ఎదిగింది. 1920ల నుంచి హిడ్నోకార్పస్ నూనె ఇంజక్షన్లు వాడారు. నొప్పి ఎక్కువ, ఫలితం కొంతే. అలాంటి చోట రోజు గడిచేది మందుతో కాదు. సొంత పొలంలో పని, కూరగాయల మడి, పిల్లలకు బడి, ఆదివారం గుడి. వెలివేసిన మనిషికి తన చేత్తో పెంచిన వంకాయ కోసుకోవడంలో ఉన్న తృప్తిని సంఘం దైవకృప అన్నది. ఆ మాట నమ్మనివాళ్లకు కూడా ఆ వంకాయ విలువ అర్థమయ్యేదే.

క్షయ విషయంలో ఇదే కథ మదనపల్లె దగ్గర నడిచింది. ఆర్కాటు మిషన్ డాక్టరు లూయిసా హార్ట్ 1912లో మొదలుపెట్టిన శానటోరియం 1915లో ఊరి బయట కొత్త ఆవరణకు మారింది. దక్షిణ భారతంలోని పలు ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి నడిపిన ఈ చోటుకు ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్కు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్-మోలర్ దాన్ని దేశమంతటా తెలిసేలా తీర్చాడు. డెల్టా ఉక్కకు అలవాటు పడిన రోగికి సుమారు 700 మీటర్ల ఎత్తున పొడిగాలి కొత్త లోకం. ఆ కాలపు శానటోరియం చికిత్స అంటే నెలల తరబడి వరండాలో పడక, పాలు, గుడ్లు, వేళకు థర్మామీటరు, తర్వాత కొద్దికొద్దిగా పెంచే నడక. ఇవాళ చెట్టు దాకా, పై వారం గేటు దాకా అని రోగి లెక్క పెట్టుకునే మైలురాళ్లు. కొందరు ఈ నెలల్లో దైవభక్తిలో పడ్డారు, కొందరు నవలల్లో. శానటోరియం రెంటికీ వీలిచ్చింది.

మందు వచ్చాక అంతా మారింది. స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ క్షయను లొంగదీశాయి. ఇంట్లోనే మందు మింగినా శానటోరియంతో సమానంగా నయమవుతుందని మద్రాసు పరిశోధన 1959లో చూపింది. కుష్ఠుకు 1940ల నుంచి డాప్సోన్, 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స. ఆరోగ్యవరం మామూలు ఆసుపత్రిగా మారింది. రోగి ఊరికి, ఇంటికి తిరిగొచ్చాడు. ఇది మంచి మార్పే, సందేహం లేదు. అయితే పొలం, పాట, తోటి రోగుల కబుర్లు ఇచ్చిన ఆ ఏర్పాటు మాత్రం మందుబిళ్లలతో పాటు ఇంటికి రాలేదు.

ఈ లోటును కొంతవరకు పూరించింది కతోలిక సంప్రదాయంలోని తిరునాళ్ల. 1924లో ఇటలీ గురువు అర్లాటి విజయవాడ గుణదలలో, కొండ మీద మరియమాత విగ్రహం నిలిపాడు. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే బాలికకు మాత కనిపించిందన్న నమ్మకం దీనికి మూలం. ఆ బెర్నదెత్ ఉబ్బసంతో బాధపడి, 35 ఏళ్లకే క్షయతో పోయింది. రోగుల మాతను చూసిన పిల్లకే జబ్బు నయం కాలేదు. గుణదల ఉత్సవం ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరుగుతుంది. 1908లో వేసిన బెజవాడ-బందరు రైలు దారి, తర్వాత బస్సులు డెల్టా ఊళ్లను దీనికి దగ్గర చేశాయి. హిందువులు కూడా మొక్కుకుంటారు: తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు, కొవ్వొత్తి వెలిగిస్తారు. కొండ దిగితే జీళ్లు, మిఠాయి, గాజుల దుకాణాలు, జెయింట్ వీల్. దీర్ఘరోగికి ఏడాదిలో అదే పెద్ద ప్రయాణం కావచ్చు. భక్తిని, సరదాను అతడు అక్కడ విడదీసి చూడడు. 1992లో పోపు రెండో జాన్ పాల్ ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించాడు. గుణదల ఆ పని అంతకు ముందే చేస్తూ ఉంది.

ఇప్పుడు డెల్టాలో మంచం పట్టించేవి కాన్సరు, మూత్రపిండాల జబ్బు, పక్షవాతం. కీమోకు, డయాలిసిస్‌కు విజయవాడ, గుంటూరు వెళ్లి వచ్చే రోగి ఇంటికి సంఘం వారు ఇంకా వస్తారు. నూనె రాచి ప్రార్థిస్తారు, ప్రభు భోజనం మంచం దగ్గరికే తెస్తారు, కోలుకుంటే ఆదివారం సాక్ష్యం చెప్పమంటారు, కృతజ్ఞత కూడిక పెట్టి భోజనాలు వడ్డిస్తారు. మందు మానేస్తేనే విశ్వాసమని చెప్పే స్వస్థత సభలు కూడా అక్కడక్కడా వచ్చాయి. పాత మిషన్ ఆసుపత్రుల సంప్రదాయంలో పెరిగిన పాస్టర్లు దాన్ని ఒప్పుకోరు, ప్రార్థన ముగించి మాత్ర వేసుకున్నారా అని అడిగి మరీ వెళతారు.