మెషిన్ కూస్తే బంగారం ఉన్నట్టేనా?



మొన్న వేసవి సెలవుల్లో మా ఊరికి ఇద్దరు బయటోళ్లు మెటల్ డిటెక్టర్ పట్టుకుని వచ్చారు. "మీ కొండలో బంగారం ఉంది, దొరికితే వాటా ఇస్తాం" అన్నారు. మన పెద్దల పేరున నిలబెట్టిన రాళ్ల దగ్గర మెషిన్ కూసింది. మనోళ్లే మూడు రోజులు తవ్వారు. దొరికింది పాత నాగలి కర్రు ముక్క. వచ్చినోళ్లు కూలి ఇవ్వకుండానే వెళ్లిపోయారు. రెండు రాళ్లు ఒరిగిపోయాయి. హాస్టల్‌కి వచ్చాక మా రూమ్‌లో నలుగురం కూర్చుని ఈ మెషిన్ చరిత్ర చదివాం. తెలిసింది మీతో పంచుకుంటున్నాం.

1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో తూటా ఎక్కడుందో డాక్టర్లకు దొరకలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ తీగ చుట్టలు, బ్యాటరీ, టెలిఫోన్ రిసీవర్ కలిపి ఒక పరికరం చేశాడు. కానీ తూటా దొరకలేదు. పరుపు కింద ఉన్న ఉక్కు తీగలు కూడా దాన్ని గందరగోళం చేశాయని తర్వాత తెలిసింది. సెప్టెంబర్ 19న అధ్యక్షుడు చనిపోయాడు.

1930ల్లో జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన గెర్హార్డ్ ఫిషర్ తన ఇంటి గ్యారేజీలో డిటెక్టర్లు తయారుచేశాడు. 1937లో పేటెంట్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలాండ్ సైనికాధికారి కొసాట్స్కీ మందుపాతరలు పసిగట్టే డిటెక్టర్ చేసి, పేటెంట్ తీసుకోకుండా బ్రిటిష్ సైన్యానికి ఉచితంగా ఇచ్చేశాడు. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన మెషిన్లు మామూలు జనం చేతికి వచ్చాయి. వాటితో బంగారం వెతకడం పెరిగింది.

అసలు తంటా మట్టితోనే వచ్చింది. కాయిల్‌లో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అందులోకి లోహం వస్తే క్షేత్రం మారుతుంది, ఆ తేడానే మెషిన్ కూతగా వినిపిస్తుంది. ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి కూడా అలాగే కూయిస్తుంది. అందుకే వెతికేవాళ్లు ఇంట్లోనే చిన్న చిన్న మార్పులు చేసుకున్నారు. సన్నటి కూత వినడానికి హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. తీగ కదిలినా తప్పుడు కూత వస్తుందని కాయిల్‌ని జిగురుతో బిగించారు. బయటి రొద ఆగడానికి చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి, ఒక చోట ఖాళీ వదిలారు. రేకు రెండు కొసలూ కలిస్తే అదే ఒక చుట్టైపోయి కాయిల్ పనిని చెడగొడుతుంది. తవ్విన మట్టిని ప్లాస్టిక్ గరిటలోకి తీసి చూశారు. పెద్ద కాయిల్ లోతుకు చూస్తుంది గానీ చిన్న రవ్వల్ని వదిలేస్తుంది, అందుకని రెండు సైజులు దగ్గర పెట్టుకున్నారు.

ఇన్ని మార్పులు చేసినా మెషిన్ "ఇక్కడ ఏదో ఉంది" అని మాత్రమే చెబుతుంది. అది బంగారమో, మేకో, కర్రు ముక్కో తవ్వితే గానీ తేలదు.

1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో, కింగోవర్ దగ్గర డిటెక్టర్‌తో 27 కిలోలు దాటిన బంగారు ముద్ద దొరికింది. దాన్ని అమెరికాలోని ఒక జూదశాల కొనుక్కుంది. ఆ నేల జా జా వురుంగ్ అనే ఆదివాసులది. 1851లో బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు వాళ్ల నీళ్లు, వేట, ఊళ్లు పోయాయి. వాళ్లను ఆ నేలకు సంప్రదాయ హక్కుదారులుగా గుర్తిస్తూ ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది 2013లో. ముద్ద దొరికినవాడి పేరు ప్రపంచమంతా తెలుసు. నేల ఎవరిదో ఎంతమందికి తెలుసు?

మన దగ్గరా చట్టాలున్నాయి. భూమిలో దాచిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఊరికి మెషిన్ పట్టుకుని ఎవరొచ్చినా ముందు గ్రామసభలో కూర్చోబెట్టి అడుగుదాం. ఎవరు పంపారు, కాగితం ఏది, తవ్వింది ఎవరు పూడుస్తారు?

ఒరిగిన రాళ్లను దసరా సెలవుల్లో మళ్లీ నిలబెట్టాలనుకుంటున్నాం. ఏ రాయి ఎవరిదో చెప్పగలిగే తాతలు మా ఊళ్లో ఇద్దరే మిగిలారు. ఈసారి వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసుకుంటాం. మీ ఊళ్లోనూ చేయండి.